చూసినోడా, విన్నోడా, అమ్మేవోడా: ఒక మిరప చేను కేసు

2021 నవంబరు మూడో వారం. రాత్రి ఎనిమిదింటికి ప్రత్తిపాడు మండలం నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. "సారూ, చేనంతా ముడతేసింది. పూత వచ్చింది వచ్చినట్టే రాలిపోతోంది. ఏం కొట్టమంటారు?" అంతకు ముందు ఆయన నాకు తెలియదు. పక్క ఊళ్ళో నేను చూసే రైతు నంబరిచ్చాడట. ఆకుల ఫొటోలు పంపించమన్నాను. రెండు పంపాడు. ఆకు పైకి దోనెలా ముడుచుకుని ఉంది. పైముడత అయితే తామర పురుగు, కింద ముడత అయితే నల్లి. మిరప పండించే ఊళ్ళో బడికెళ్ళే పిల్లాడికి కూడా తెలిసిన లెక్క ఇది. మందు పేరు, మోతాదు చెప్పి ఫోన్ పెట్టేశాను. మొత్తం నాలుగు నిమిషాలు.

ఈ కేసులో నా తప్పు అక్కడ మొదలైంది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ రైతు గురించి కింద రాసే దాంట్లో సగం నాకూ వర్తిస్తుంది.

నేను గుంటూరు చుట్టుపక్కల మిరప, పత్తి చేలకు ఎకరానికి ఇంత అని ఫీజు తీసుకుని సలహా చెప్పే మనిషిని. బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివాను. నాలుగేళ్ళు ఒక పురుగుమందుల కంపెనీ తరఫున బండి మీద ఊళ్ళు తిరిగాను. తర్వాత బయటికొచ్చి సొంతంగా మొదలుపెట్టాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో రెండు రకాల వాళ్ళు ఎక్కువ. "మీరెట్టా చెబితే అట్టా" అనేవాళ్ళు ఒక రకం. "మా తాతల నాటి నుంచీ మిరప వేస్తున్నాం, మాకు తెలీదా" అనేవాళ్ళు ఇంకో రకం. ఈ రైతు అయిదు నెలల్లో ఈ రెండూ అయ్యాడు. పైగా ఈ కేసుకు కాగితాలున్నాయి: మందుల చీటీలు, ఒక నోటు పుస్తకం. ఊరి పేరు, మనిషి పేరు రాయకుండా మిగతాదంతా రాసుకోమని ఆయనే అన్నాడు.

చేను

మొత్తం నాలుగెకరాల నల్లరేగడి. రెండున్నర సొంతం, ఎకరంన్నర కౌలు, ఎకరానికి 40,000 చొప్పున. బోరు నీళ్ళు. ఆగస్టు 28న నారు నాటారు, తేజ రకం. మనిషికి యాభై ఏడేళ్ళు. భార్య ఆయనతో సమానంగా చేలో పని చేస్తుంది. కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. రైతు నాకు చుట్టమేమీ కాదు, కానీ వయసును బట్టి రెండో రోజు నుంచే బాబాయ్ అనడం మొదలుపెట్టాను. ఆవిడ పిన్ని అయింది.

పది రోజుల తర్వాత మళ్ళీ ఫోన్. నేను చెప్పిన మందు కొట్టాడు, పూత ఇంకా రాలిపోతోంది. ఈసారి బండి తీశాను. డిసెంబరు 2, పొద్దున ఏడున్నర. చేను దూరానికి పచ్చగానే ఉంది. దగ్గరికి వెళితే సాలు మధ్య నేల మీద ఎండిన పూలు, పేలాలు ఒలకబోసినట్టు. మొక్క మీద పిందె లేదు.

తెల్ల కాగితం ఏదన్నా ఉందా అని అడిగితే పిన్ని ఇంట్లోంచి పాత శుభలేఖ ఒకటి తెచ్చింది. దాని వెనక తెల్లటి వైపు పైకి పెట్టి, అప్పుడే విచ్చుకున్న పువ్వు ఒకటి తుంచి గోటితో రెండు సార్లు తట్టాను. మొదట ఏమీ కనపడలేదు. తర్వాత కాగితం మీద నల్లటి నలుసులు కదిలాయి, పెన్నుతో పెట్టిన కామాలు కాళ్ళొచ్చి పరిగెత్తినట్టు. ఒక్క పువ్వులో పదహారు. ఇంకో పువ్వు, పన్నెండు. పది పూలు తట్టి లెక్కపెడితే 143 తేలాయి.

ఇది మనకు అలవాటైన తామర పురుగు కాదు. పాతది లేత ఆకుల్ని పట్టుకుంటుంది, లేత పసుపు రంగులో ఉంటుంది. ఇది పువ్వులో కూర్చుంటుంది, ఆడపురుగు నల్లగా ఉంటుంది. శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. 2021 చివరికల్లా గుంటూరు, ప్రకాశం, ఖమ్మం మిరప చేలను ఊడ్చిపెట్టింది. ఫోన్ వచ్చేనాటికే నేను దీని గురించి విని ఉన్నాను. అయినా ఫొటోలో ఆకు చూసి ఆకు గురించే చెప్పాను. పువ్వు ఫొటో అడగలేదు.

పిన్ని పక్కన నిలబడి అంది: "ఈ నల్ల నలుసులు నేను దీపావళప్పుడే చూశానండీ. కలుపు తీస్తుంటే జాకెట్టు చేతుల మీద పడేయి. చెబితే పేనుబంక అన్నారు."

ఎవరన్నారు అని అడిగాను. ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన "కొట్టాయన అన్నాడులే" అన్నాడు.

ఆ కొట్టాయన, అంటే పురుగుమందుల కొట్టు యజమాని, ఆ సీజన్లో ఆ చేలో ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు.

మంచం మీద చీటీలు

ఇంటికెళ్ళాక మందుల చీటీలన్నీ తీయమన్నాను. క్యాలెండరు మేకుకు గుచ్చి ఉన్నాయి. నులక మంచం మీద తేదీల వారీగా పరిచాం. నాటింది మొదలు ఆ రోజు వరకు 96 రోజులు. మందు కొట్టింది 17 సార్లు. ఒక్కోసారి రెండు మూడు మందులు కలిపి. నాలుగెకరాలకూ కలిపి అప్పటికి బిల్లు 1,84,000. అందులో రొక్కం ఇచ్చింది 30,000. మిగతాదంతా ఖాతా, పంట వచ్చాక కట్టాలి.

ఒక్కో చీటీ చూపించి ఇది ఎవరు చెబితే కొట్టావు బాబాయ్ అని అడిగాను. కొట్టాయన. పక్క చేను రైతు. నరసరావుపేటలో ఉండే తోడల్లుడు. కొడుకు పంపిన యూట్యూబ్ వీడియో. వాట్సాప్ గ్రూపు. కంపెనీ కుర్రాడు. తైవాన్ పంపు తెచ్చి మందు కొట్టే కూలీ. ఏడుగురు. "నేనేం గుడ్డెద్దు చేలో పడ్డట్టు కొట్టలేదు సారూ, నలుగుర్నీ అడిగే కొట్టాను" అన్నాడు. ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది. నలుగురి మాట వినే మనిషిని అన్న గర్వం.

సరే, ఆ ఏడుగురికీ ఎవరు చెప్పారో చూద్దాం అన్నాను. గంటన్నర పట్టింది, మధ్యలో మూడు ఫోన్లు చేయించాను. పక్క చేను రైతుదీ అదే కొట్టు, అదే ఖాతా. తోడల్లుడు ఎవర్నీ అడగలేదు, ఈయన పక్క చేను రైతు పెట్టిన వాయిస్ మెసేజే విని తిరిగి ఈయనకే చెప్పాడు. వాట్సాప్ గ్రూపులో మందు డబ్బా ఫొటో పెట్టింది కంపెనీ కుర్రాడు. కొట్టాయనకు చెప్పిందీ అతనే. పంపు కూలీ వేరే చేలల్లో ఏం కొడుతున్నారో చూసి చెప్పాడు, వాళ్ళవీ ఆ కొట్టు మందులే. యూట్యూబ్ వీడియో ఒక్కటే వేరే దారి, కానీ అందులో చూపించిన చేను మన నేల కాదు, ఆ పురుగు కూడా ఇది కాదు.

మంచం మీద ఒక్కొక్క చీటీనే జరుపుతూ పోతే ఏడు కుప్పలు కాస్తా రెండయ్యాయి. ఆయన చాలాసేపు ఆ రెండు కుప్పల వైపే చూశాడు. "అంటే ఒకడే ఏడు నోళ్ళతో చెప్పాడన్నమాట" అన్నాడు.

కొట్టాయన్ని దొంగ అనడం నా ఉద్దేశం కాదు. ఆ సంవత్సరం ఆయనకూ ఏం చేయాలో తోచలేదు. చేతిలో ఉన్న సరుకు చెప్పాడు. కానీ ఇక్కడ ఒక సంగతి ఉంది, పట్నంలో కూర్చుని ధైర్యం గురించి, సొంత నిర్ణయం గురించి మాట్లాడేవాళ్ళకు అది తట్టదు. లక్షన్నర బాకీ ఉన్న చోట "నీ సలహా నాకు వద్దు" అనడం మాటలు కాదు. వచ్చే ఏడు విత్తనం అరువు ఎవరిస్తారు? ఈ రైతు ఆ కొట్టు మాట వినడంలో నమ్మకం కంటే బాకీ ఎక్కువ. అది ఆయనకూ తెలుసు. తెలిసీ దానికి నమ్మకం అని పేరు పెట్టుకున్నాడు, లేకపోతే రాత్రి నిద్ర పట్టదు.

తిరగబడ్డ లెక్క

ఆ రోజు నా డైరీలో రాసుకున్నది ఇది. ఈయన తీసుకోవాల్సిన నిర్ణయాలు మూడు రకాలు. కొన్ని కళ్ళు పెట్టి చూస్తే తెలిసేవి: పువ్వులో పురుగుందా, ఎన్ని ఉన్నాయి, నిన్న కొట్టిన మందుకు ఈ రోజు తగ్గాయా. కొన్ని చదువుకున్నవాళ్ళను అడగాల్సినవి: ఆ పురుగు ఏది, దాని బతుకు ఎలా నడుస్తుంది, ఏ మందుతో ఏది కలపకూడదు, లీటరుకు ఎన్ని మిల్లీలీటర్లు. ఇంకొన్ని ఎవరికీ తెలియనివి: వచ్చే వారం ముసురు పడుతుందా, మార్చిలో యార్డులో తేజ ఎంత పలుకుతుంది.

ఈయన మొదటి రకం గురించి ఊరంతా అడిగాడు. తన చేలో, తన కాళ్ళ ముందు రాలిన పువ్వును వంగి చూడకుండా, ఎన్నడూ ఆ చేనుకు రాని మనిషిని అడిగాడు. రెండో రకంలో మాత్రం సొంత బుర్ర వాడాడు: డబ్బా మీద రాసిన మోతాదుకు "ఇంకో మూత ఎక్కువైతే పోయేదేముంది" అని ఒకటిన్నర రెట్లు పోశాడు, పడని మందులు ఒకే డ్రమ్ములో కలిపాడు. మూడో రకంలో ఎవరేం చెబితే అది నమ్మాడు, ముఖ్యంగా గట్టిగా చెప్పినవాణ్ణి. సంక్రాంతికి ధర పాతిక వేలు దాటుతుందని బస్సులో ఎవరో అంటే విని ఇంకో అరెకరం కౌలుకు పెంచాడు.

సొంత తెలివి నమ్మాలా, ఎదుటివాణ్ణి నమ్మాలా అని చాలామంది తక్కెడ పట్టుకుని కూర్చుంటారు. ఈ చేలో రెండు పళ్ళేల్లోనూ బరువు సరిపడానే ఉంది. సరుకు మాత్రం అటుది ఇటు, ఇటుది అటు పడింది.

పదిహేడు పిచికారీలు ఎందుకు పని చేయలేదో కూడా చెప్పాలి. ఈ పురుగు గుడ్లను ఆకు కండలోపల పెడుతుంది, మందు తగలదు. కోశస్థ దశ, అంటే పెద్ద పురుగుగా మారే ముందు దశ, మట్టిలో గడుపుతుంది, అక్కడికీ తగలదు. రెండు వారాల్లో ఒక తరం పూర్తయి కొత్తవి పైకొస్తాయి. మధ్యలో మనం కొట్టిన సింథటిక్ పైరెత్రాయిడ్లు వీటిని తినే అక్షింతల పురుగుల్ని, సాలీళ్ళను చంపి పెడతాయి. దొంగను వదిలి కాపలా కుక్కను కొట్టినట్టు. పైగా ఆ చీటీల్లో మూడు "బయో" సీసాలున్నాయి, లేబులు మీద ఏ మందో, ఎంత శాతమో లేదు. రాత్రి కొడితే పొద్దునకల్లా పురుగు రాలిపోతుందట. అంత పని చేసే బయో ఏమిటో నాకిప్పటికీ అర్థం కాదు.

నోటు పుస్తకం

డిసెంబరు 4న పెట్టిన పద్ధతి చిన్నదే. కొడుకు కాలేజీ రోజుల నాటి లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీశాం. వారానికి రెండుసార్లు, చేనుకు ఐదు చోట్ల రెండేసి పూల చొప్పున తట్టి లెక్క రాయాలి. ఎవరికీ ఫోన్ చేయకముందే "నాకేమనిపిస్తోంది" అన్నది ఒక్క ముక్కలో రాయాలి. ఆ తర్వాతే అడగాలి. అడిగాక, చెప్పింది ఎవరు, వాళ్ళకెలా తెలుసు అన్నది రాయాలి. ఏడో రోజున వెనక్కి తిప్పి ఎవరి మాట నిలబడిందో చూడాలి. నా మాట కూడా అందులోనే, మిగతావాళ్ళ వరసలోనే.

చేను గట్టు వైపు పన్నెండు సాళ్ళు మందు కొట్టకుండా వదలమన్నాను. దీనికి ఆయన ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఎకరానికి పాతిక చొప్పున నీలం జిగురు అట్టలు పెట్టించాను, యూరియా ఆపించాను, మిగతా భాగంలో వేపనూనె, పది పన్నెండు రోజుల ఎడంతో ఒక్కొక్క మందే విడిగా. ఇందులో గొప్పేమీ లేదు, గుంటూరు దగ్గరి లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు ఆ రోజుల్లో ఊళ్ళు తిరిగి చెబుతున్నవి కూడా దాదాపు ఇవే.

"వాళ్ళకెలా తెలుసు" అన్న గడి దగ్గర ఆయన ఇబ్బంది పడ్డాడు. ఏం రాయాలో తెలియదు. అప్పుడు నాకు మా కాలేజీ హాస్టల్లో సంస్కృతం చదువుకున్న ఒక పెద్దాయన చెప్పిన మాట గుర్తొచ్చి చెప్పాను. మన న్యాయ దర్శనంలో, అంటే పాత తర్కశాస్త్రంలో, ఎదుటివాడి మాట కూడా ఒక ప్రమాణమే, శబ్ద ప్రమాణం. కళ్ళతో చూడటం, ఊహించి తేల్చుకోవడం ఎలా జ్ఞానానికి దారులో, ఇదీ అలాగే. కాకపోతే ఆ మాట ఆప్తుడిది అయ్యుండాలి. ఎవరు ఆప్తుడు? విషయాన్ని ప్రత్యక్షంగా ఎరిగినవాడు, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక ఉన్నవాడు. ఋషి అయినా, ఆర్యుడైనా, మ్లేచ్ఛుడైనా లక్షణం ఒకటే అని వాత్స్యాయనుడు న్యాయ సూత్రాలకు రాసిన భాష్యంలో తేల్చేశాడు. పుట్టుక, హోదా, చుట్టరికం ఏవీ అందులో లేవు.

మన తెలుగులో మాత్రం ఆ మాట జారిపోయింది. ఇప్పుడు ఆప్తుడంటే దగ్గరివాడు, ప్రాణమిచ్చేవాడు. తోడల్లుడు ఆప్తుడే, సందేహం లేదు. ఆసుపత్రిలో పడితే రాత్రంతా బెంచీ మీద కూర్చునే మనిషి. మిరప పువ్వు విషయంలో మాత్రం ఆయన ఆప్తుడు కాదు. ఆ తేడా చెప్పగానే రైతు నవ్వి, వేదాంతమంతా మూడు ముక్కల్లోకి దించేశాడు. "అంటే చూసినోడా, విన్నోడా, అమ్మేవోడా అని రాయాలి. అంతేగా?"

అంతే. ఆ రోజు నుంచి పుస్తకంలో ప్రతి సలహా పక్కన ఒక అక్షరం పడింది: చూ, వి, అ. కొట్టాయన పక్కన అ. తోడల్లుడి పక్కన వి. ఊళ్ళో రైతు భరోసా కేంద్రంలో పని చేసే ఉద్యాన సహాయకురాలి పక్కన చూ, ఆ అమ్మాయి రెండుసార్లు చేలోకి వచ్చి పువ్వు తట్టి చూసింది కాబట్టి. నవంబరులో నేను ఫోన్లో చెప్పిన దాన్ని కూడా వెనక్కి వెళ్ళి ఎక్కించాడు. నా పేరు పక్కన వి పెట్టాడు. కాసేపు నాకు మాట రాలేదు. పదిహేనేళ్ళకు పైగా చేలల్లో తిరిగిన మనిషిని, వాట్సాప్ గ్రూపు పక్కన కూర్చోబెట్టాడు. కానీ అక్షరం సరైనదే.

రెండో వారం నుంచి పుస్తకంలో చేతిరాత మారింది. రైతుకు దగ్గరి చూపు తగ్గింది, కళ్ళజోడు లేకుండా పురుగు కనపడదు, పెట్టుకుంటే చెమటకు జారుతుంది. లెక్క పిన్ని చేతికి వెళ్ళింది. ఆవిడ పదో తరగతి. అంకెలు గుండ్రంగా, ముత్యాల్లా ఉంటాయి. ఆ ఇంట్లో అందరికంటే ముందు పురుగును చూసిన మనిషి ఆవిడే. ఏడుగురు సలహాదారుల జాబితాలో లేనిదీ ఆవిడే.

ఇటు నుంచి అటు

డిసెంబరు 11న మొదటి పోలిక. మందు కొట్టని పన్నెండు సాళ్ళలో పది పూలకు 151. కొట్టిన వైపు 138. డిసెంబరు 18న 128, 117. చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే మందు ఎంత పని చేస్తోందో ఆయన కళ్ళ ముందే తెలిసింది.

అయితే ఒక మాట. పన్నెండు సాళ్ళు చిన్న ముక్క, చుట్టూ కొట్టిన మందు గాలికి వచ్చి పడుతుంది, పక్క నుంచి పురుగూ ఎగిరొస్తుంది. దీన్ని ప్రయోగం అంటే లాం ఫారం వాళ్ళు నవ్వుతారు. ఆ రైతు మనసులో మాత్రం అది ప్రయోగం కన్నా ఎక్కువ పని చేసింది, చేయకూడనంత.

ఆ మర్నాడు ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండు రోజులకు ఎత్తి, "ఇక ఎవడి మాటా వినేది లేదు సారూ, మీ మాటతో సహా. నా చేను నాకు తెలుసు" అన్నాడు. జిగురు అట్టలు పీకేశాడు. వేపనూనె ఆపేశాడు. ఉద్యాన సహాయకురాలు వస్తే గట్టు మీద నుంచే పంపేశాడు. పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టయింది నా పని. సొంత కళ్ళను నమ్మమని నేనే చెప్పాను, ఆయన కళ్ళతో పాటు కోపాన్ని కూడా నమ్మడం మొదలుపెట్టాడు. ఆ వారం పుస్తకంలో "నాకేమనిపిస్తోంది" గడిలో రోజుకో మాట ఉంది: అంతా దున్నేయాలి. ఉంచాలి. దున్నేయాలి. అదంతా తన నిర్ణయమే అనుకున్నాడు. పేజీ తిప్పి చూస్తే ప్రతి మాటకూ ముందు రోజు పక్క ఊళ్ళో ఎవరో చేను దున్నారన్న కబురో, ఎవరికో పిందె పడిందన్న కబురో ఉంది. ఎవరి మాటా విననని కూర్చున్న మనిషి చెవి ఊరంతా తిరుగుతోంది. ఆ సంగతి నేను చెప్పలేదు. పిన్ని ఆ పేజీ ఆయన ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయిందట.

డిసెంబరు 23న ఆయనే ఫోన్ చేశాడు. కౌలు ఎకరంన్నర దున్ని మొక్కజొన్న వేద్దామనుకుంటున్నానన్నాడు. తొందరపడొద్దు, జనవరిలో ఇంకో పూత వస్తుంది, ఎకరానికి ఎనిమిది క్వింటాళ్ళయినా దిగుతుందని నేను చెప్పాను. "నాలుగు దాటదు. ఆ ముక్కలో వేరు కూడా బాగా లేదు, పీకి చూశాను. పుస్తకంలో రాశా" అన్నాడు. దున్నేశాడు. పొలం తడి ఉండగానే మొక్కజొన్న పెట్టాడు.

ఆయనే కరెక్టు. ఆ ముక్కకు ఆనుకుని ఉన్న చేను, అదే నేల, అదే రకం, దున్నకుండా ఉంచిన రైతుకు ఎకరానికి మూడున్నర క్వింటాళ్ళొచ్చింది. నేను వేరు పీకి చూడలేదు. నా ఎనిమిది క్వింటాళ్ళు వేరే ఊళ్ళో వేరే చేలు చూసి చెప్పిన లెక్క.

ఇంకో విషయంలో ఆయన తప్పు. అట్టలు పీకేసిన వారం లెక్క మళ్ళీ 140 దాటింది. నెలాఖరుకు తిరిగి పెట్టాడు, ఈసారి ఎవరూ చెప్పకుండానే, పుస్తకం చూసి.

ఏం దిగింది

సంక్రాంతి దాటాక పూత నిలబడటం మొదలైంది. జనవరి 22న పది పూలకు 41. ఇది మేం చేసిన పని వల్లనా, వాతావరణం మారి పురుగు దానంతట అదే తగ్గిందా అంటే చెప్పలేను. ఆ నెలలో ఏమీ చేయని చేలల్లో కూడా కొంత తగ్గింది. సొంత రెండున్నర ఎకరాల్లో చివరికి ఎకరానికి తొమ్మిది క్వింటాళ్ళు వచ్చింది. అంతకు ముందు సంవత్సరం ఇరవై రెండు. కౌలు ముక్కలో మొక్కజొన్న కౌలు డబ్బు తెచ్చిపెట్టింది, అంతకు మించి మిగల్లేదు. డిసెంబరు 4 తర్వాత మందుల ఖర్చు మొత్తం 21,000. ఈ కేసులో నేను గట్టిగా చెప్పగలిగేది ఈ చివరి అంకె ఒక్కటే.

కొట్టు బాకీ తీరడానికి రెండేళ్ళు పట్టింది. 2023 వేసవిలో తేజ క్వింటా 20,000 దాటి పలకడంతో ఆ లెక్క సర్దుకుంది. ఆ తర్వాత నుంచి మందు రొక్కానికే కొంటున్నాడు, ఎక్కువ భాగం అదే కొట్టులో. కొట్టాయన కూడా ఈ మధ్య "పుస్తకంలో ఎంత ఉంది?" అని అడిగి మందు ఇస్తున్నాడట. ఆయన పక్కన అక్షరం ఇప్పటికీ అ నే.

కథ ఇక్కడ ఆపితే పుస్తకం గెలిచినట్టు ఉంటుంది. 2024 సంగతి కూడా చెప్పాలి.

2024 మార్చిలో గుంటూరు మిర్చి యార్డుకు తొంభై టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చాడు. ఆ రోజు కమీషన్ వ్యాపారి చెప్పిన ధర 19,000. ముప్ఫై అమ్మి, అరవై కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు, పెరుగుతుందని. నన్ను అడగలేదు. అడిగినా నాకు ధరల గురించి తెలిసింది సున్నా. యార్డుకు మే సెలవులు వచ్చాయి, వెళ్ళాయి. ధర నిలబడలేదు. కొత్త పంట వచ్చేసరికి ఇంకా పడింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 అని లెక్క కట్టిన రోజుల్లోనే, ఆయన పాత సరుకు అరవై టిక్కీలూ 10,500కు వదిలించుకున్నాడు. అందులోంచి స్టోరేజీ అద్దె, బస్తా మీద తెచ్చిన అప్పుకు వడ్డీ పోవాలి.

తర్వాత కలిసినప్పుడు ఆ మార్చి పేజీ చూపించమన్నాను. కొంచెం బిడియపడుతూ తీశాడు. "నాకేమనిపిస్తోంది" గడిలో: పెరుగుతుంది. "ఎలా తెలుసు" గడిలో: యార్డులో అందరూ అంటున్నారు. పక్కన ఆయన చేత్తోనే వి.

"రాసింది నువ్వే కదా బాబాయ్, వి అని. మరి ఎందుకు పెట్టావు?"

"రాసేటప్పుడు తెలుసు అబ్బాయ్. కానీ దడవాయి కాటా వేస్తుంటే పక్కనోళ్ళందరూ బస్తాలు వెనక్కి లాగుతున్నారు. ఒక్కణ్ణే అమ్ముకుని పోతే రేపు పెరిగాక ఊళ్ళో తలెత్తుకోలేను అనిపించింది. తగ్గితే అందరితో పాటే కదా తగ్గేది."

దీనికి నా దగ్గర మందు లేదు. పువ్వు తట్టి చూడటం నేర్పగలిగాను. తెలిసింది తెలిసినట్టు రాయడం ఆయనే నేర్చుకున్నాడు. ఒంటరిగా తప్పు చేయడం కన్నా పదిమందితో కలిసి తప్పు చేయడం తేలిగ్గా ఉంటుందన్న సంగతి మాత్రం ఏ గడిలోనూ పట్టదు. నేను కూడా 2021లో ఫోన్లో చెప్పింది అలాంటిదే. ఆ వారం నా తోటి వాళ్ళందరూ పైముడతకు అదే మందు చెబుతున్నారు. తప్పయితే అందరం తప్పు.

ఆ తర్వాత నా పద్ధతిలో రెండు మార్పులు చేశాను. పువ్వు చూడకుండా ఫోన్లో మందు పేరు చెప్పడం మానేశాను, దాంతో కొందరు రైతులు పోయారు. రెండోది, చేనుకు వెళ్ళగానే ముందు మగవాళ్ళను అడగడం మానేసి, కలుపు తీసే ఆడవాళ్ళ దగ్గరికి వెళుతున్నాను. వాళ్ళ కళ్ళు మొక్కకు జానెడు దూరంలో ఉంటాయి.

2025లో ఆయన మిరప రెండెకరాలకు తగ్గించాడు. మిగతా రెండింట్లో ఏం వేయాలో మాట్లాడదామని ఆగస్టులో పిలిచాడు. నేను వెళ్ళి మంచం మీద కూర్చుని నోరు తెరవబోతే, పిన్ని పుస్తకం, పెన్ను తెచ్చి నా చేతిలో పెట్టింది. ముందు రాయమని. మిరప ఒకటిన్నర ఎకరం చాలని రాశాను, "ఎలా తెలుసు" గడిలో చాలాసేపు ఆలోచించి వి పెట్టాను. పైన వరసలో ఆయన రాసింది ఉంది: రెండెకరాలు. పక్కన ఏ అక్షరమూ లేదు, ప్రశ్నార్థకం పెట్టి ఉంది.